‘లైబ్రరీలో ఉంది కదా’ అనే వాదానికి ఖండన

ప్రత్యేక ప్రమేయాల విలువలు ప్రోగ్రామింగ్ భాషల ప్రామాణిక లైబ్రరీలలో సిద్ధంగా ఉన్నాయి కనుక వాటి పేరు తెలిస్తే చాలునని, వాటి నిర్వచనాలకూ స్వభావానికీ తరగతిలో గంటలు కేటాయించడం వృథా అని చెప్పే అభిప్రాయం నేటి ఇంజనీరింగ్ విద్యలో దాదాపు ఎదురులేకుండా చెలామణీ అవుతోంది. ఈ అభిప్రాయంలో మూడు వాదాలు కలగలిసి ఉన్నాయి. లైబ్రరీ ఇచ్చే విలువ సరైనదే అన్నది మొదటిది. వాడకంలో పొరపాటు జరిగితే ప్రోగ్రామే చెబుతుందన్నది రెండవది. కాబట్టి వాడేవారికి ఆ గణితం అక్కర్లేదన్నది మూడవది. మొదటి వాదం చాలావరకు నిజం. రెండవది చాలావరకు అసత్యం. మూడవది రెండవదాని మీదే నిలబడి ఉంది కాబట్టి దానితోపాటే కూలుతుంది.

కూడిక, గుణకారం, ఘాతం, సంవర్గమానం, సైన్, కొసైన్ వంటి ప్రాథమిక ప్రమేయాలతో పరిమిత రూపంలో చెప్పడానికి వీలుకాని సమాకలనులూ, అవకలన సమీకరణాల సాధనలూ కొన్ని భౌతికశాస్త్రంలోనూ గణాంకశాస్త్రంలోనూ పదేపదే ఎదురవుతూ వచ్చినందువల్ల వాటికి గణితజ్ఞులు విడిగా పేర్లు పెట్టి ప్రత్యేక ప్రమేయాలు అన్నారు. పూర్ణసంఖ్యలకే పరిమితమైన క్రమగుణితాన్ని మిగతా సంఖ్యలకు విస్తరించేది గామా ప్రమేయం. దాన్ని 1729లో ఆయిలర్ రూపొందించాడు. సామాన్య విభాజనంలో సంభావ్యతను కొలిచేది దోష ప్రమేయం. గుండ్రటి పళ్లెంలో వేడి, డప్పు తోలుపై కంపనం వంటి సమస్యల్లో వచ్చేవి బెస్సెల్ ప్రమేయాలు. నంద్యాల వంటి జిల్లాకు కూడా ఇవి దూరపు సంగతులు కావు. కుందూ పరీవాహక ప్రాంతంలో ఒక బోరుకు మోటారు బిగించి నీరు తోడితే చుట్టుపక్కల నీటిమట్టం ఎంత పడిపోతుందో చెప్పే సూత్రంలో ఘాతీయ సమాకలని ఉంది. ఆళ్లగడ్డ మండలంలో ఒక నెల కురిసిన వాన మామూలు కంటే ఎంత తక్కువో చెప్పే సూచికలో అసంపూర్ణ గామా ప్రమేయం ఉంది. పొలంలో చల్లిన ఎరువులోని నైట్రేటు భూగర్భజలంలో ఎంత దూరం పాకిందో చెప్పే సూత్రంలో దోష ప్రమేయపు పూరకం ఉంది.

మొదటి వాదంలోని నిజాన్ని ముందుగా ఒప్పుకోవాలి. స్టీఫెన్ మోషియర్ రాసిన సెఫిస్, డొనాల్డ్ ఏమోస్ 1986లో సమర్పించిన బెస్సెల్ ప్రోగ్రాములు, వాటిపై ఆధారపడి పెరిగిన పైథాన్ సైపై వంటి లైబ్రరీలు గణన విజ్ఞానంలో గొప్ప సంపద. ఒక ఘాతీయ సమాకలనిని లెక్కించడానికే లైబ్రరీ లోపల రెండు మూడు దారులు ఉంటాయి. చలరాశి చిన్నదైతే శ్రేణి, పెద్దదైతే అవిరత భిన్నం, వాటి మధ్య ఎక్కడ మారాలో తెలిపే హద్దు, ఇవన్నీ ఎవరో ఏళ్ల తరబడి శ్రమించి కుదిర్చినవే. ఇవి మచ్చలేనివి అని మాత్రం కాదు. 1985 నాటి ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం చివరి అంకె దాకా సరైన సవరింపును కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం వంటి మౌలిక క్రియలకే నిర్బంధం చేసింది తప్ప గామాకో బెస్సెల్‌కో చేయలేదు. పాల్ జిమ్మర్మన్, ఆయన సహచరులు వివిధ లైబ్రరీలను పోల్చి చూసినప్పుడు బెస్సెల్ ప్రమేయాల దగ్గర పెద్ద దోషాలు బయటపడ్డాయి. అయినా సాధారణ వాడకానికి లైబ్రరీ ఇచ్చే అంకెలను నమ్మవచ్చు. తగవు అంకెలతో కాదు. ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా దాన్ని వాడుకోవడంతో.

రెండవ వాదాన్ని పరీక్షించడానికి బోరుబావి లెక్క కంటే మంచి ఉదాహరణ దొరకదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన చార్లెస్ వెర్నన్ థీస్ 1935లో, ఘనపదార్థంలో వేడి ప్రసరించే తీరుకూ నేల పొరల్లో నీరు కదిలే తీరుకూ ఉన్న పోలికను ఆధారం చేసుకొని, పంపు నడుస్తున్నకొద్దీ దూరంలోని పరిశీలక బావిలో నీటిమట్టం ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని ప్రకటించాడు. రోజుకు తోడే నీటి పరిమాణాన్ని, నీటిని ప్రసరింపజేయడంలో పొరకున్న సామర్థ్యంతోనూ నాలుగు పైలతోనూ భాగించి, వచ్చినదాన్ని ‘బావి ప్రమేయం’ విలువతో గుణిస్తే ఆ తగ్గుదల వస్తుంది. ఈ బావి ప్రమేయం కొత్తదేమీ కాదు. గణితంలో ఈ-వన్ అని పిలిచే ఘాతీయ సమాకలని. దాని చలరాశి యు, దూరం వర్గాన్ని నిల్వ గుణకంతో గుణించి, ప్రసరణ సామర్థ్యానికీ గడిచిన కాలానికీ గల లబ్ధపు నాలుగు రెట్లతో భాగిస్తే వస్తుంది. బావికి దగ్గరైనా, పంపు నడిచిన కాలం ఎక్కువైనా యు చిన్నదవుతుంది. బావి దూరమైతే పెద్దదవుతుంది.

ఇక్కడే పేరు మోసం చేస్తుంది. ఘాతీయ సమాకలని అనే పేరుతో రెండు ప్రమేయాలు ఉన్నాయి. ఒకటి ఈ-వన్, రెండవది ఈ-ఐ. రుణ చలరాశి వద్ద ఈ-ఐ విలువకు గుర్తు మారిస్తే ధన చలరాశి వద్ద ఈ-వన్ విలువ వస్తుంది గానీ, రెండింటికీ ఒకే ధన సంఖ్యను ఇస్తే జవాబులు వేరు. 2017 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో ‘ఎక్స్‌పింట్’ అనే పేరుగల ఫంక్షన్ ఈ-ఐ విలువను ఇస్తుంది. మాట్‌ల్యాబ్‌లో అచ్చంగా అదే పేరుగల ఫంక్షన్ ఈ-వన్ విలువను ఇస్తుంది. సైపైలో రెండూ వేర్వేరు పేర్లతో ఉన్నాయి. పైథాన్ భాషతో వచ్చే సొంత గణిత మాడ్యూల్‌లో రెండూ లేవు. మాట్‌ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రామును సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చే విద్యార్థి పేరు కలిసింది కదా అని అలాగే ఉంచితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు.

రోజుకు 500 ఘనమీటర్ల నీరు తోడే బోరు, రోజుకు 100 చదరపు మీటర్ల ప్రసరణ సామర్థ్యం, 0.001 నిల్వ గుణకం ఉన్న పొర అనుకుంటే, ఒక రోజు పంపు నడిచాక సుమారు 63 మీటర్ల దూరంలో యు విలువ 0.01 అవుతుంది. అక్కడ ఈ-వన్ విలువ 4.0379, నీటిమట్టం తగ్గుదల 1.607 మీటర్లు. ఈ-ఐ విలువ మాత్రం మైనస్ 4.0179. గుర్తు మైనస్ రావడం చూసి విద్యార్థి కంగారుపడడు, ఎందుకంటే లోతును కిందికి కొలుస్తాం కాబట్టి మైనస్ వచ్చిందనుకొని దాన్ని తీసేస్తాడు. అప్పుడు తగ్గుదల 1.599 మీటర్లు వస్తుంది. అసలు విలువకూ దీనికీ తేడా 8 మిల్లీమీటర్లు. పరిశీలక బావిలో టేపు దింపి కొలిచేవారికి అంత తేడా పట్టుబడదు. ప్రోగ్రాము పరీక్షలో నెగ్గింది. ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికం కాదు. యు చిన్నదైనప్పుడు రెండు ప్రమేయాల్లోనూ పెద్ద భాగం సంవర్గమానమే, అది రెండింటికీ ఉమ్మడి, తేడా యు విలువకు దాదాపు రెట్టింపు మాత్రమే.

అదే ప్రోగ్రామును సుమారు 632 మీటర్ల దూరంలోని బావికి వాడితే యు విలువ 1 అవుతుంది. ఈ-వన్ ఇక్కడ 0.2194, నిజమైన తగ్గుదల 9 సెంటీమీటర్లలోపే. ఈ-ఐ విలువ 1.8951, పైగా ఇప్పుడది ధనసంఖ్య కాబట్టి మైనస్ గుర్తు ఇచ్చిన ఆ చిన్న అనుమానం కూడా లేదు. తగ్గుదల 75 సెంటీమీటర్లని ప్రోగ్రాము ప్రకటిస్తుంది. ఎనిమిది రెట్లకు మించిన ఈ తప్పుకు హెచ్చరిక రాదు, ప్రోగ్రాము ఆగదు, తెరపై ఎర్ర అక్షరాలు కనిపించవు. బోర్ల తవ్వకాన్ని నియంత్రించే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్న రాష్ట్రంలో, ఒక రైతు బోరు పక్క రైతు బోరును ఎంత దెబ్బతీస్తుందన్నది పంచాయితీల దాకా వెళ్లే ప్రశ్న. లైబ్రరీ తప్పు చేయలేదు. అడిగిన ప్రమేయానికి పదిహేను అంకెల దాకా సరైన విలువే ఇచ్చింది. అడగవలసినది ఏదో అడిగినవారికి తెలియలేదు, అంతే.

ఈ-వన్ శ్రేణిలోని మొదటి రెండు పదాలు తెలిసినవారికి, యు పెరిగేకొద్దీ అది ఎప్పుడూ ధనసంఖ్యగానే ఉంటూ సున్నాకు తగ్గాలన్న సంగతి తెలిసినవారికి, ఈ పొరపాటు ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది. ఆ జ్ఞానమే వృథా అని తీసివేయమంటున్నారు.

రెండవ ఉదాహరణ వానకు సంబంధించినది. మెక్కీ, డోస్కెన్, క్లైస్ట్ అనే ముగ్గురు కొలరాడో శాస్త్రవేత్తలు 1993లో ప్రతిపాదించిన ప్రామాణిక వర్షపాత సూచికను కేంద్ర ప్రభుత్వపు 2016 నాటి కరువు నిర్వహణ మాన్యువల్ కూడా సూచికలలో ఒకటిగా తీసుకుంది. ఒక ప్రాంతపు పాత వర్షపాతానికి గామా విభాజనాన్ని అమర్చి, ఈ ఏడాది వాన ఆ విభాజనంలో ఏ సంభావ్యత దగ్గర పడుతుందో చూసి, దాన్ని సామాన్య విభాజనపు కొలతలోకి మార్చడమే ఈ సూచిక సారం. సూచిక ధనసంఖ్య అయితే మామూలు కంటే ఎక్కువ వాన, రుణసంఖ్య అయితే తక్కువ. సంభావ్యతను ఇచ్చేది అసంపూర్ణ గామా ప్రమేయం; దానికి రెండు సంఖ్యలు అందించాలి, ఒకటి విభాజనపు ఆకృతి, రెండవది వానను విభాజనపు కొలమానంతో భాగించగా వచ్చినది. సైపైలో ఆకృతి ముందు రాయాలి. మాట్‌ల్యాబ్‌లో అదే పేరుగల ఫంక్షన్‌కు ఆకృతి తరువాత రాయాలి.

ఒక మండలంలో ఒక నెల వర్షపాతానికి ఆకృతి 2, కొలమానం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు ఆ నెల సగటు వాన 60 మిల్లీమీటర్లు. ఈ ఏడాది 90 కురిసింది. సరైన వరుసలో సంఖ్యలు ఇస్తే సంభావ్యత 0.801, సూచిక 0.84, అంటే మామూలు కంటే ఎక్కువ. వరుస తారుమారైతే సంభావ్యత 0.323, సూచిక మైనస్ 0.46. సగటుకు ఒకటిన్నర రెట్లు వాన కురిసిన నెల లోటు నెలగా నమోదవుతుంది. రెండు సంఖ్యలూ సున్నాకూ ఒకటికీ మధ్యనే ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు చేయడానికి ప్రోగ్రాముకు కారణమే లేదు. రాయలసీమలో జనవరి నుంచి మార్చి దాకా చినుకు రాలని నెలలు సర్వసాధారణం కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉంది. గామా విభాజనం ధనసంఖ్యలకే వర్తిస్తుంది. సున్నా వాన ఉన్న సంవత్సరాల నిష్పత్తిని విడిగా లెక్కగట్టి కలపాలి. సూచికను రూపొందించిన పద్ధతిలో ఆ సవరణ ఉంది, ఫంక్షన్‌లో మాత్రం లేదు. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం వంటి చోట్ల పనిచేయాలని ఆశపడే విద్యార్థికి ఈ తేడా తెలియకపోతే, కరువు మండలాల నిర్ణయం వంటి విషయంలో అతని లెక్క మీద ఆధారపడేవారి గతి ఏమిటి?

ప్రోగ్రాము నిజంగా ఫిర్యాదు చేసే సందర్భాలు లేకపోలేదు. అప్పుడు కూడా గణితం తెలియనివాడు చేసే పని ఫిర్యాదును నోరు మూయించడమే. ఒగాటా, బ్యాంక్స్ 1961లో ఇచ్చిన కాలుష్య ప్రసరణ సూత్రంలో ఒక ఘాతీయ పదాన్ని దోష ప్రమేయపు పూరకంతో గుణించాలి. నీరు రోజుకు ఒక మీటరు కదులుతూ, వ్యాపన గుణకం రోజుకు 0.1 చదరపు మీటరు ఉన్నప్పుడు, 100 మీటర్ల దూరంలో 100వ రోజున ఘాతీయ పదం ఈ-ఘాతం 1000 అవుతుంది. అది కంప్యూటర్ మామూలుగా దాచుకోగల సంఖ్యలను మించిపోయి అనంతంగా మారుతుంది. పూరకం అంత చిన్నదై సున్నాగా మారుతుంది. అనంతాన్ని సున్నాతో గుణిస్తే ‘సంఖ్య కాదు’ అనే గుర్తు వస్తుంది. విద్యార్థి దాని స్థానంలో సున్నా పెట్టి ముందుకు సాగుతాడు. అసలు ఆ లబ్ధం 0.0178, ఈ రెండు పదాలనూ కలిపి ఒకే ప్రమేయంగా లెక్కించే ‘ఇ.ఆర్.ఎఫ్.సి.ఎక్స్’ సైపైలోనే ఉంది. అది ఉందని తెలియడానికి, దాని అవసరం ఎందుకొచ్చిందో ముందు తెలియాలి. ఒకటి నుంచి దోష ప్రమేయాన్ని తీసివేసి పూరకం వచ్చిందనుకునేవారికి చలరాశి 6 వద్ద సున్నా వస్తుంది; అసలు విలువ సుమారు 2.15ను పది ఘాతం 17తో భాగించినది. చిన్నదే అయినా అది సున్నా కాదు.

అయితే లైబ్రరీని పక్కనపెట్టి పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని సొంతంగా ప్రోగ్రాముగా రాసుకోవాలా అని ఎవరైనా అడగవచ్చు. కూడదు. బెస్సెల్ ప్రమేయాలకు ప్రతి పుస్తకంలోనూ ఒక పునరావృత్త సంబంధం ఉంటుంది. చలరాశి 1 అయినప్పుడు ప్రస్తుత పదాన్ని దాని క్రమసంఖ్యకు రెట్టింపుతో గుణించి ముందరి పదాన్ని తీసివేస్తే తరువాతి పదం వస్తుంది. పది దశాంశాల దాకా సరైన 0.7651976866, 0.4400505857 అనే మొదటి రెండు విలువలతో మొదలుపెట్టి కాగితం మీద పైకి పోతే, ఐదవ క్రమానికి నాలుగు అంకెలే మిగులుతాయి, ఏడవ క్రమానికి జవాబు రుణసంఖ్య అవుతుంది. నిజమైన విలువ ధనసంఖ్య. అదే సంబంధాన్ని పైనుంచి కిందికి నడిపితే దోషం పెరగకుండా కరిగిపోతుందని చూపినవాడు మిల్లర్ అనే గణితజ్ఞుడు. సూత్రం సరైనదే అయినా నడిపే దిశ తప్పైతే లెక్క పాడవుతుందన్న ఈ పాఠం తెలిసినవారే లైబ్రరీకి ఎందుకు విలువ ఇవ్వాలో కూడా తెలిసినవారు. ప్రత్యేక ప్రమేయాల జ్ఞానం లైబ్రరీకి పోటీ కాదు.

ఆళ్లగడ్డ శిల్పుల చేతికి కరెంటు కట్టరూ గ్రైండరూ వచ్చాయి. ఉలితో రోజుల తరబడి చేసే పని గంటల్లో అవుతోంది. అంతమాత్రాన రాతి పొర ఏ దిశలో పోతుందో తెలియనక్కర్లేదని అక్కడ ఏ శిల్పీ అనడు, ఎందుకంటే యంత్రం వేగంగా కోస్తుంది కాబట్టి పగులు కూడా వేగంగా వస్తుంది. గణన లైబ్రరీ విషయంలోనూ జరిగినది ఇదే. 1964లో అబ్రమోవిట్జ్, స్టెగన్ సంపాదకత్వంలో వచ్చిన పట్టికల గ్రంథంలో ఒక ప్రమేయం విలువ చూడాలనుకున్నవాడు నిర్వచనాన్నీ, గ్రాఫునూ, హద్దుల దగ్గర ప్రవర్తననూ దాటుకొనే పట్టిక దాకా వెళ్లేవాడు. థీస్ సూత్రాన్ని వాడే ఇంజనీరు బావి ప్రమేయపు వక్రాన్ని సంవర్గమాన కాగితంపై గీసి, క్షేత్రంలో కొలిచిన బిందువులను దాని మీద పరిచి సరిచూసేవాడు. వక్రం ఆకారం అతని కంటికి అలవాటై ఉండేది. లైబ్రరీ ఆ శ్రమను తీసేసింది, మంచిదే. శ్రమతోపాటు ఊరికే దొరికిన ఆ పరిచయం పోయింది కాబట్టి దాన్ని ఇప్పుడు కావాలని నేర్పవలసి వస్తోంది. పేరు ఒక్కటే మిగిలిన చోట, పేరుకు పూచీ ఎవరు? సీ భాష 1999 ప్రమాణంలో నిజమైన గామాకు ‘టీగామా’ అని పేరు పెట్టవలసి రావడానికి కారణం, అంతకుముందు యూనిక్స్ వ్యవస్థల్లో ‘గామా’ అనే పేరు కొన్నిచోట్ల గామా విలువనూ, కొన్నిచోట్ల దాని సంవర్గమానాన్నీ ఇస్తూ ఉండడమే. ఇప్పుడు ప్రోగ్రామును కృత్రిమ మేధతో రాయించుకుంటున్నామని చెప్పేవారికి కూడా ఇదే జవాబు. అది రాసిన పేరు ఏ నిర్వచనానిదో సరిచూడగలవాడు ఒకడు ఉండి తీరాలి.

పాత పద్ధతిలో సాగే బోధనను సమర్థించడం కూడా న్యాయం కాదు. ‘ఇదంతా వృథా’ అన్న అభిప్రాయానికి బలం ఇచ్చింది ఆ బోధనే. గామా సగం విలువ పై వర్గమూలమని నిరూపించమని పరీక్షలో అడుగుతారు. బీటా ప్రమేయంలోకి మార్చి చిక్కు సమాకలనులను సాధించమంటారు. 171 క్రమగుణితాన్ని కంప్యూటర్‌ను అడిగితే ఏమవుతుందో, 170 దాకా సరిగా చెప్పినది ఆ ఒక్క మెట్టు దగ్గర ఎందుకు అనంతం అంటుందో, అలాంటప్పుడు సంవర్గమాన గామాతో పని ఎలా నడపాలో అడగరు. గణితం తరగతిలో ప్రమేయానికి అంకెలు ఉండవు, ప్రోగ్రామింగ్ తరగతిలో అంకెలకు అర్థం ఉండదు. తీసివేయవలసినది ప్రత్యేక ప్రమేయాలను కాదు, ఈ రెండు తరగతుల మధ్య గోడను.

ప్రమేయాన్ని సరిగా ఎంచుకున్నా ఇంకొక మెట్టు మిగులుతుంది. థీస్ సూత్రం అన్ని దిక్కులా ఒకే తీరుగా, అంతులేకుండా పరచుకున్న పొరను ఊహించుకుంటుంది. భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శ్రేణిగా పిలిచే శిలల్లో నంద్యాల పేరుతో షేల్ ఉంది, కోవెలకుంట్ల పేరుతో సున్నపురాయి ఉంది. జిల్లాలోనే ఉన్న బెలుం గుహలు సున్నపురాయిని నీరు మూడు కిలోమీటర్లకు పైగా తొలిచిన దారులు. అలాంటి నేలలో నీరు పగుళ్ల వెంట పరుగెత్తుతుంది, పక్కనే గట్టిరాయిలో కదలదు. అక్కడ ఈ-వన్ విలువ పదిహేను అంకెల దాకా సరైనదైనా బావి దాని మాట వినదు. ప్రమేయం ఏ ఊహల నుంచి పుట్టిందో నేర్వని విద్యార్థికి, కొలతలు వక్రానికి దూరంగా పడినప్పుడు తప్పు ప్రోగ్రాములో ఉందో, నేలను గురించిన ఊహలో ఉందో తేల్చుకునే మార్గమే ఉండదు.

ప్రయోగశాల రికార్డుల మీద సంతకం చేసే అధ్యాపకులు తలుచుకుంటే ఈ పరిస్థితి ఒక్క సెమిస్టరులో మారుతుంది. లైబ్రరీ నుంచి ఏ ప్రత్యేక ప్రమేయాన్ని వాడినా, ఆ లైబ్రరీ దాన్ని ఎలా నిర్వచించిందో ఒక వాక్యంలో రాయాలి. చేత్తో సరిచూడగల ఒక విలువను ప్రోగ్రాము ఇచ్చినదాని పక్కన పెట్టాలి. చలరాశి సున్నాకు దగ్గరైనప్పుడూ బాగా పెద్దదైనప్పుడూ ఏమవుతుందో చూపాలి. సరిచూడడానికి కావలసిన నిర్వచనాలూ విలువలూ అమెరికా ప్రమాణాల సంస్థ 2010 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఈ మూడూ లేని రికార్డు మీద సంతకం పెట్టవద్దు.